ఇంగ్లండ్ ఎస్టేట్ల పాత ఇటుక ప్రహరీలు, గేటు దిమ్మెలు: మరమ్మతు చేసే పద్ధతి

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత బంగళాల చుట్టూ పొడవాటి ఇటుక ప్రహరీలు కనిపిస్తాయి. పార్కు సరిహద్దు గోడ, కూరగాయల తోట గోడ, గుర్రపుశాల ఆవరణ, ముందు గేటు దిమ్మెలు ఇలా రకాలు వేరైనా, పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా కట్టినవి దాదాపు అన్నీ సున్నపు మాలుతో కట్టినవే. మరమ్మతు అనగానే అందరి చూపూ గోడ ముఖం మీదికి పోతుంది. సందులు పూడ్చడానికి, పెచ్చులూడిన ఇటుకలు మార్చడానికి డబ్బంతా అయిపోతుంది. అసలు జబ్బు ఎక్కువసార్లు మూడు చోట్ల ఉంటుంది: గోడ తలమీది కప్పు వరసలో (కోపింగ్‌లో), గోడ అడుగున పేరుకున్న మట్టిలో, గేటును మోసే ఇనుప మేకులో. వాటిని వదిలేసి ముఖానికి పూత పూస్తే కొన్నేళ్లకే మళ్లీ అదే పని పడుతుంది. ముందు నీరు, తర్వాత బరువు, ఆఖరున ముఖం. ఈ వరస తప్పకూడదు.

అనుమతి

బంగళా రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే, దాని ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచి ఉన్న గోడలూ గేటు దిమ్మెలూ సాధారణంగా ఆ రక్షణ కిందికే వస్తాయి. గోడకు విడిగా పేరు లేకపోయినా సరే. 1990 నాటి ప్రణాళికా చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాటిని కూల్చడం, రూపం మార్చడం నేరం. ఉన్నదాన్ని ఉన్నట్టే సరిచేసే చిన్న పనికి అనుమతి అక్కర్లేకపోవచ్చు. అయినా ఉలి పట్టుకునే ముందే స్థానిక కౌన్సిల్‌లోని పరిరక్షణ అధికారికి ఫొటోలు, వాడబోయే మాలు వివరం పంపి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇంకో చట్టం కూడా గుర్తుంచుకోవాలి. వాడుకలో ఉన్న పక్షిగూళ్లకు 1981 నాటి చట్టం కింద రక్షణ ఉంది. మార్చి నుంచి ఆగస్టు దాకా తీగల్లో, గోడ కంతల్లో పక్షులు గూళ్లు పెడతాయి. గబ్బిలాల విశ్రాంతి స్థలాలకు ఏడాదంతా రక్షణ ఉంది. లోతైన పగుళ్లున్న గోడను పూడ్చే ముందు నిపుణుడి చేత చూపించాలి.

గోడను చదవడం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. గోడను 3 మీటర్ల ముక్కలుగా విడగొట్టి, సుద్దతో అంకెలు వేసి, ప్రతి ముక్కకూ రెండు వైపులా ఫొటో తీయండి. ఒక్కో ముక్కకు నాలుగు విషయాలు రాసుకోవాలి: ఇటుక పేర్పు, ఇటుక కొలత, గోడ వంపు, తడి ఎంత ఎత్తుదాకా ఉంది.

పేర్పు సంగతి. ఇటుక పొడుగు వైపు బయటికి కనిపిస్తే స్ట్రెచర్, కొస కనిపిస్తే హెడర్. ఫ్లెమిష్ బాండ్‌లో ప్రతి వరసలోనూ ఒక స్ట్రెచర్, ఒక హెడర్ మార్చి మార్చి వస్తాయి. ఇంగ్లిష్ బాండ్‌లో ఒక వరసంతా స్ట్రెచర్లు, పై వరసంతా హెడర్లు. తోట గోడల్లో ఖర్చు తగ్గించడానికి మూడు లేదా అయిదు వరసల స్ట్రెచర్లకు ఒక వరస హెడర్లు వేసేవారు. హెడర్లే గోడ మందాన్ని అడ్డంగా కట్టి ఉంచుతాయి. అవి తక్కువగా ఉన్న గోడల్లో రెండు ముఖాలూ విడిపోయి మధ్యలో ఉబ్బడం ఎక్కువ. సుత్తి పిడితో మెల్లగా తట్టి చూడండి. బోలుగా మోగితే ముఖం విడిపోయినట్టే.

ఇటుక కొలత ఒకచోట తీసి వదలకండి. ఎత్తు, పొడవు, వెడల్పు పది ఇటుకలకైనా కొలవాలి. నాలుగు వరసలు, నాలుగు సందులు కలిపిన ఎత్తు ఇంకా ముఖ్యం, ఎందుకంటే కొత్త ఇటుక పాత వరసలో కూర్చోవాలి. 1784 నుంచి 1850 దాకా ఇంగ్లండ్‌లో ఇటుకల మీద పన్ను ఉండేది. లెక్క వెయ్యికి ఇంత అని కాబట్టి కొందరు పెద్ద ఇటుకలు కాల్చారు. అయితే ఇటుక మందాన్ని ఒక్కదాన్నే పట్టుకుని గోడ వయసు తేల్చలేం. పాత ఇటుకలను కొత్త గోడలో వాడుకోవడం అప్పుడూ మామూలే.

వంపును తూకం గుండుతో కొలవాలి. ఒకే మందమున్న గోడ పైఅంచు కింది అంచుకన్నా ఎంత పక్కకు జరిగిందో చూడండి. గోడ బరువు కేంద్రం అందులో సగం జరుగుతుంది. ఆ కేంద్రం అడుగున మందంలో నడిమి మూడోవంతు దాటితే ఒక పక్క ఇటుకలు నొక్కుడు కోల్పోతాయి. లెక్క వేస్తే 225 మి.మీ. మందం గోడకు ఆ హద్దు పైఅంచు దగ్గర 75 మి.మీ., 340 మి.మీ. గోడకు సుమారు 113 మి.మీ. ఇందులో గాలి తోపు లేదు. కాబట్టి ఆ అంకెలో సగానికి వచ్చిన గోడను ఇంజనీరుకు చూపించాలి. హద్దు దాటిన గోడ పక్కన మనుషులు తిరగకుండా కంచె కట్టి, పోట్లు పెట్టాలి. పాత వంపు, ఇప్పుడు పెరుగుతున్న వంపు వేరు. పగులుకు అడ్డంగా గుర్తులు పెట్టి ఒక వేసవి, ఒక చలికాలం కొలిస్తే అది తెలుస్తుంది.

కూరగాయల తోట గోడల్లో ఒక్క జాగ్రత్త ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో పీచ్, ఆప్రికాట్ పూతను మంచు నుంచి కాపాడడానికి కొన్ని గోడల లోపల పొగగొట్టాలు కట్టి, వెనక పొయ్యి వెలిగించేవారు. బయటికి అది మామూలు మందపాటి గోడే. ఉత్తరం వైపున మూసేసిన చిన్న కమాను, మసి మరకలు, మరీ ఎక్కువ మందం కనిపిస్తే అనుమానించాలి. అలాంటి గోడలో తెలియక ద్రవ మాలు పోస్తే పొగదారి శాశ్వతంగా మూసుకుపోతుంది, చరిత్ర కూడా దాంతోపాటే పోతుంది. దక్షిణం వైపు ముఖంలోని వందలాది మేకు కంతలు పండ్లకొమ్మలు కట్టిన ఆనవాళ్లు. అన్నిటినీ పూడ్చాల్సిన పని లేదు. నీరు నిలిచేవి పూడిస్తే చాలు.

తల, మొదలు

గోడకు గొడుగు కోపింగే. రాతి పలకలు, నిలువుగా పేర్చిన ఇటుకలు, అర్ధచంద్రాకారపు ఇటుకలు, రెండు వరసల పెంకులు ఇలా చాలా రకాలున్నాయి. ఏ రకమైనా గోడ ముఖం కన్నా కనీసం 40 మి.మీ. బయటికి రావాలి, అంచు కింద నీరు తెగి పడే గాడి ఉండాలి. వదులైన కోపింగ్‌ను ఎత్తి, కింది రెండు వరసలు కూడా తట్టి చూసి, కదిలేవి తీసి మళ్లీ కట్టండి. ఇక్కడ వాడే ఇటుక బాగా కాలినదై ఉండాలి. మెత్తటి ఎర్ర ఇటుక గోడ ముఖంలో రెండు వందల ఏళ్లుంటుంది, తలమీద పెడితే కొన్ని చలికాలాలకే పొరలుగా రాలుతుంది. పాత గోడకు లేని కోపింగ్ ఆకారాన్ని కొత్తగా కనిపెట్టొద్దు. ఎక్కడో ఒక మూల అసలుది మిగిలి ఉంటుంది, వెతికి దాన్ని అనుసరించండి.

ఐవీ తీగను పచ్చిగా ఉండగా లాగితే మాలు, ఇటుక పెచ్చులు కూడా వస్తాయి. కాండాన్ని నేల దగ్గర తెగ్గొట్టి ఎండనివ్వాలి. ఎండాక పైనుంచి కిందికి తీయాలి. గోడలోకి దిగిన లావు కాండం ఉంటే ఆ వరసలు విప్పి తీయక తప్పదు.

మొదట్లో పేరుకున్న మట్టిని పాత నేలమట్టం దాకా తీసేయండి. ఒక పక్క తోట మట్టి అర మీటరు ఎక్కువున్నా, గోడ ప్రహరీ పని మానేసి మట్టిని ఆపే కట్ట పని మొదలుపెడుతుంది. దాన్ని అందుకు కట్టలేదు. దగ్గర్లో పెద్ద చెట్టు ఉంటే ఒక్క దెబ్బకు నరికేయకండి. బంకమట్టి నేలల్లో చెట్టు పోగానే నేల తడిని పట్టి ఉబ్బుతుంది, గోడ ఈసారి రెండో పక్కకు ఒరుగుతుంది.

మాలు

సూత్రం చిన్నది: మాలు ఇటుకకన్నా మెత్తగా ఉండాలి, తడి ఇటుకలోంచి కన్నా మాలులోంచి తేలిగ్గా బయటికి పోవాలి. సందుల్ని సిమెంటుతో పూడ్చడం (సిమెంటు పాయింటింగ్) దీన్ని తలకిందులు చేస్తుంది. లోపలి నీరు ఇటుక ముఖంలోంచే ఆరాలి. లవణాలు అక్కడే స్ఫటికాలు కడతాయి, గడ్డకట్టిన నీరు ముఖాన్ని పెకలిస్తుంది. సిమెంటు సందు చెక్కుచెదరకుండా నిలబడి, చుట్టూ ఇటుక గుంటపడిన గోడ కనిపిస్తే కారణం అదే.

పాత మాలులో వాతావరణం తగలని లోపలి భాగం నుంచి పిడికెడు తీయండి. పొడిచేసి తూచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి, జల్లెళ్లలో వడగడితే రేణువుల కొలత, రంగు తెలుస్తాయి. గవ్వపెంకు, సున్నపురాయి పొడి కూడా కరిగిపోతాయి కాబట్టి ముందు భూతద్దంతో చూడాలి. ఇసుక ఎంపికలో నిర్లక్ష్యం పనికిరాదు. సందు రంగు చాలావరకు ఇసుకదే. నున్నటి, ఒకే సైజు ఇసుకతో కలిపితే మాలు ముడుచుకుని పగులుతుంది. రకరకాల సైజులున్న గరుకు ఇసుక కావాలి. పెద్ద రేణువు సందు వెడల్పులో మూడోవంతు మించకూడదు, అంటే 10 మి.మీ. సందుకు 3 మి.మీ.

పాళ్లు తేల్చడానికి ఒక పరీక్ష. లీటరు పొడి ఇసుకను గిన్నెలో తట్టి నింపి, ఇసుక పైదాకా వచ్చేవరకు నీరు కొలిచి పోయండి. మూడోవంతు లీటరు పడితే ఖాళీలు మూడోవంతు, వాటిని నింపడానికి ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. నాలుగు వందల మిల్లీలీటర్లు పడితే ఒకటికి రెండున్నర.

మామూలు గోడ ముఖానికి ఎన్.హెచ్.ఎల్. 3.5 రకం సహజ హైడ్రాలిక్ సున్నం, రెండున్నర పాళ్ల ఇసుక సరిపోతాయి. మరీ మెత్తటి ఇటుకకు ఎన్.హెచ్.ఎల్. 2 మేలు. కోపింగ్‌కు, నేలను ఆనుకున్న వరసలకు ఎన్.హెచ్.ఎల్. 5 వాడొచ్చు. దాన్ని ముఖం మొత్తానికి వాడితే మళ్లీ గట్టి మాలు సమస్యే. మన దగ్గర గచ్చు పని, గానుగ సున్నం తెలిసినవాళ్లకు చేయి త్వరగానే కుదురుతుంది. ఒక్క తేడా, ఈ హైడ్రాలిక్ సున్నం నీటితోనే గట్టిపడడం మొదలుపెడుతుంది కాబట్టి నానబెట్టి నిల్వ ఉంచడం కుదరదు. మన కరక్కాయ, బెల్లం నీళ్లు ఇక్కడ కలపొద్దు. ఈ గోడల మాలులో అవి లేవు.

పారతో అందాజాగా కాక బకెట్‌తో కొలవండి. తడి ఇసుక ఉబ్బుతుంది, ఆ సంగతి లెక్కలో పెట్టుకోవాలి. పొడిగా బాగా కలిపి, నీరు కొద్దికొద్దిగా చేర్చి, ఇరవై నిమిషాలు తిప్పండి. తాపీని బోర్లించినా జారకుండా అంటుకున్నదే సరైన పదును. సున్నం కళ్లలో పడితే చూపు దెబ్బతింటుంది, కళ్లద్దాలు, చేతితొడుగులు, పక్కనే శుభ్రమైన నీరు తప్పనిసరి.

ఎంత కావాలి? 75 మి.మీ. వరస ఎత్తున్న ఫ్లెమిష్ గోడలో చదరపు మీటరుకు అడ్డం సందులు 13.3 మీటర్లు, నిలువు సందులు సుమారు 5 మీటర్లు. 10 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతుకు 4.6 లీటర్ల మాలు. వృథాతో కలిపి 6 లీటర్లు పెట్టుకోండి. అందుకు సుమారు 6 లీటర్ల ఇసుక, 2.4 లీటర్ల సున్నం పడతాయి.

సందులు నింపడం

గట్టిగా ఉన్న పాత సందును ముట్టుకోవద్దు. తాళంచెవితో గీస్తే రాలేవాటిని, లోపలికి బాగా పోయినవాటిని మాత్రమే తీయాలి. సన్నటి ఉలి, సుత్తి చాలు. పాత సన్న సందుల్లో హాక్సా బ్లేడు పనిచేస్తుంది. గ్రైండర్ జారితే ఇటుక అంచు తెగుతుంది, ఆ గాటు ఎప్పటికీ పోదు. కొన్నిచోట్ల సిమెంటు మరీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. తీస్తే ఇటుకే విరుగుతుందనిపిస్తే దాన్ని అలాగే వదిలేయడం మంచిది.

లోతు సందు వెడల్పుకు రెండింతలు, కనీసం 25 మి.మీ. లోపలి అంచు చదునుగా ఉండాలి. దుమ్మును బ్రష్షుతో, నీటితో పైనుంచి కిందికి కడగండి. ముందురోజు సాయంత్రం ఒకసారి, పనికి ముందు ఇంకోసారి తడపాలి. ఎండిన ఇటుక మాలులోని నీరు పీల్చేస్తే సున్నం గట్టిపడదు, వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది. నీరు మెరుస్తూ నిలిచినా మాలు అంటదు.

సందు కన్నా సన్నటి తాపీతో వెనక నుంచి గట్టిగా కూరండి. లోతు 25 మి.మీ. దాటితే రెండు పొరలు. ఇటుక అంచులు అరిగి గుండ్రమైతే మాలును కాస్త లోపలే ఆపాలి. ముఖం దాకా నింపితే సందు రెట్టింపు వెడల్పుగా కనిపిస్తుంది, గోడ ముఖమే మారిపోతుంది. బొటనవేలి గోరు నొక్కితే చిన్న గుర్తు పడి, మాలు వేలికి అంటని దశలో బిరుసు కుచ్చుల బ్రష్షుతో పొడుస్తూ దట్టించండి. దీంతో పైపొర తెట్టు పోయి ఇసుక రేణువులు తేలతాయి, సన్నటి పగుళ్లు మూసుకుంటాయి. తాపీతో నున్నగా రుద్దడం ఇక్కడ చెడు చేస్తుంది.

తర్వాత తడి గోనెపట్ట, దానిమీద ప్లాస్టిక్ కప్పి కనీసం వారం తడిగా ఉంచాలి. 5 డిగ్రీల కన్నా చలి ఉన్నప్పుడు పని పెట్టుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. అక్టోబరులో తప్పక చేస్తే నెలల తరబడి మంచు తగలకుండా కప్పి ఉంచగలమా అని ముందే తేల్చుకోవాలి.

ఇటుక మార్చడం, పడిన భాగం కట్టడం

కొద్దిగా పెచ్చులూడిన ఇటుక ఇంకా పనిచేస్తున్నదే. ముఖం 20, 25 మి.మీ. లోతుకు పోయి నీరు నిలుస్తుంటేనే మార్చాలి. చుట్టూ సందుల్లో వరసగా రంధ్రాలు వేసి ఇటుకను కదపకుండా తీయండి. వెనక్కి తిప్పితే మంచి ముఖం దొరికే ఇటుకలు ఎన్నో ఉంటాయి. కొత్తది కొనాల్సి వస్తే కొలత, రంగు కలిస్తే సరిపోదు. నీరు పీల్చే గుణం కూడా దగ్గరగా ఉండాలి. పక్కపక్కన ఎక్కువ ఇటుకలు ఒకేసారి తీయకూడదు.

పడిపోయిన లేదా మరీ ఒరిగిన భాగాన్ని గట్టి వరస దాకా విప్పండి. రెండు కొసల్లోనూ మెట్లు మెట్లుగా విప్పితే కొత్తపని పాతదానిలో కలుస్తుంది. నిలువుగా కోస్తే అక్కడే పగులు వస్తుంది. ఇటుకలు శుభ్రం చేసి, నీళ్లలో ముంచి, అదే పేర్పులో కట్టాలి. రోజుకు ఎనిమిది వరసలు, అంటే 600 మి.మీ. దాటకపోవడం మా సలహా. అడుగు మాలు ఇంకా మెత్తగా ఉండగా బరువు పెరిగితే గోడ పక్కకు పొంగుతుంది. సిమెంటు గోడల్లోలా ప్రతి కొన్ని మీటర్లకూ విస్తరణ సందు వదలక్కర్లేదు. సున్నపు మాలు ఆ చిన్న కదలికలను తానే భరిస్తుంది. సఫోక్‌లో పాములా వంకర్లు తిరిగే గోడలు ఒక్క అర ఇటుక మందంతోనే నిలబడ్డాయి. వాటి బలమంతా ఆ వంకరలోనే ఉంది, మరమ్మతులో వంపు కొద్దిగా సాగితే ఆ మందం నిలవదు. ముందే పలక కత్తిరించి పాత వంపు అచ్చు తీసుకోండి.

గేటు దిమ్మెలు

బెర్క్‌షైర్‌లోని హామ్‌స్టెడ్ మార్షల్‌లో క్రేవెన్ ప్రభువుల పెద్ద బంగళా 1718లో కాలిపోయింది. దాని ఇటుక, రాతి గేటు దిమ్మెలు మాత్రం పొలాల మధ్య ఇప్పటికీ జంటలుగా నిలిచి ఉన్నాయి. బాగా కట్టిన దిమ్మె అన్నేళ్లు నిలుస్తుంది. దాన్ని పడగొట్టేవి సాధారణంగా గేటు లాగుడు, ఇనుప తుప్పు, పైనుంచి దిమ్మె లోపలి గర్భంలోకి దిగే నీరు. వీటికి లారీ దెబ్బ కూడా కలుస్తుంది.

పగుళ్లే కారణం చెబుతాయి. మడతబందు ఎత్తులో నిలువు పగులుంటే తుప్పు. ఇనుము తుప్పుపట్టి ఎన్నో రెట్లు ఉబ్బి ఇటుకను చీలుస్తుంది. మెట్లుగా సందుల వెంట పోయే పగులుంటే పునాది. నాలుగు ముఖాలూ ఉబ్బి బోలుగా మోగితే లోపలి రాళ్లముక్కల గర్భం వదులైంది.

గేటు ఎంత లాగుతుందో లెక్క కట్టండి. 1.8 మీటర్ల వెడల్పు, 150 కిలోల రెక్కకు బరువు కేంద్రం దిమ్మె నుంచి 0.9 మీటరు దూరం. రెండు బందుల మధ్య 1.5 మీటర్లుంటే పై బందు దగ్గర 150ని 0.9తో గుణించి 1.5తో భాగించాలి. 90 కిలోల బరువంత పక్క లాగుడు, రాత్రీ పగలూ. కింది బందు బదులు నేలలోని రాతి గుంటలో తిరిగే మేకు పెట్టి, దూరం 2 మీటర్లకు పెంచితే లాగుడు 68 కిలోలకు తగ్గుతుంది, నిలువు బరువంతా నేలలోకి పోతుంది. పాత గేట్లలో ఇలాంటి గుంట మట్టికింద కప్పబడిపోయి ఉండొచ్చు. తవ్వి చూసి, దొరికితే శుభ్రం చేసి మళ్లీ వాడండి.

పని వరస ఇది. ముందు గేటు రెక్కలు దింపండి, పోట్లు పెట్టండి. తర్వాత పైనున్న రాతి బంతి, టోపీరాయి దింపాలి. 450 మి.మీ. వ్యాసమున్న సున్నపురాయి బంతి నూరు కిలోలు దాటుతుంది. పరంజా మీద గొలుసు కప్పీ, మెత్తటి పట్టీలు లేకుండా ముట్టుకోవద్దు. లోపలి ఇనుప కడ్డీ తుప్పుతో రాయిని పగలగొట్టే దశలో ఉండొచ్చు, కాబట్టి బంతిని మెలిపెట్టి లాగకూడదు, కింద సందులో కోసి విడదీయాలి. మళ్లీ పెట్టేటప్పుడు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ కడ్డీ వాడండి. టోపీరాయి కింద సీసపు రేకు పరిస్తే గర్భంలోకి నీరు ఆగుతుంది.

గర్భం వదులైతే ద్రవ సున్నం పోయాలి. ముఖం సందులన్నీ ముందే నింపి గట్టిపడనివ్వండి. అడుగున రంధ్రం నుంచి మొదలుపెట్టి, పై రంధ్రంలో నీరు కారేదాకా కడగండి. తర్వాత గరాటు ఎత్తు ఒత్తిడితో మాత్రమే ద్రవాన్ని కింది నుంచి పైకి నింపుతూ రండి, రోజుకు మీటరు ఎత్తు మించకుండా. పంపుతో తోస్తే విడిపోయిన ముఖం ఊడి బయటికి వస్తుంది. మాలు కారే చోట తడి బంకమట్టి అదమండి, పక్క ఇటుకల మీద పడ్డదాన్ని వెంటనే కడగండి.

పగులు కుట్టడానికి 6 మి.మీ. మెలిక స్టెయిన్‌లెస్ కడ్డీలను అడ్డం సందుల్లో, పగులుకు చోటుంటే చెరో పక్క 500 మి.మీ. పొడవున పెట్టాలి. దిమ్మెలో అంత చోటు లేకపోతే మూల తిప్పి పక్క ముఖంలోకి వంచండి. నాలుగు నుంచి ఆరు వరసలకు ఒకటి చాలు. తుప్పుపట్టిన మడతమేకు పీకి, శుభ్రం చేసి, మళ్లీ రాతిదిమ్మలో సీసంతో బిగించండి. దిమ్మె పునాది కుంగి ఒరిగితే ఒక్కదాని కింద కాంక్రీటు పోసి వదిలేయకండి. అది గట్టిగా నిలిచి, పక్క గోడ మామూలుగా కదిలి, రెంటి మధ్యా పగులు వస్తుంది. అది ఇంజనీరు తేల్చాల్సిన పని.

గేటు తిరిగి వేలాడదీయడానికి తొందర వద్దు. కొత్త మాలుకు కనీసం నాలుగు వారాలు, చల్లటి వాతావరణమైతే ఇంకా ఎక్కువ ఇవ్వండి. రెక్కలు పెట్టాక తూకం గుండుతో నాలుగు ముఖాలూ కొలిచి తేదీతో రాసిపెట్టండి. మొదటి చలికాలం అయ్యాక, మార్చిలో, మళ్లీ అదే చోట కొలవండి. కోపింగ్ సందులు, మడతమేకు చుట్టూ ఇటుక, మొదట్లో నీరు నిలిచిన గుర్తులు అప్పుడే చూడాలి. ఏ సందైనా పొడిలా రాలితే ఆ ముక్క తీసి ఏప్రిల్‌లో మళ్లీ నింపండి.